పులస గుడ్లు కువైట్ చేరిన వైనం

ఆగస్టు నెల, మంగళవారం సాయంత్రం. రాజోలు బస్టాండులో హాజరైనవారు: నేను, మా అక్కయ్య, బావగారు, స్టీలు డబ్బాలో పులస పులుసు. కువైట్‌లో ఉన్న మేనకోడలు పద్మను చూడడానికి బావగారూ నేనూ బయల్దేరాం. పులస పులుసు నిలవుండేకొద్దీ రుచి. అందుకని అక్కయ్య హుకుం జారీ చేసింది.

“గురువారం తెల్లారాకే మూత తియ్యాలి. ముందు ముట్టుకున్నారో, ఊరుకోను.”

డబ్బాలో గుడ్ల ముక్క ఒక్కటే ఉంది. ఇద్దరి కళ్ళూ దానిమీదే.

బుధవారం ఉదయానికి హైదరాబాదు విమానాశ్రయం చేరాం. పులుసును చేతిసంచిలో తీసుకెళ్ళనివ్వరు, పెద్ద పెట్టెలో వేసి కౌంటరులో అప్పగించాలి. వెళ్ళేవారు గమనించగలరు.

బావగారు టిక్కెట్టు చదివారు. బయల్దేరేది పదింటికి, దిగేది పన్నెండున్నరకి.

“రెండున్నర గంటలేనయ్యా. కాకినాడ వెళ్ళినంతసేపు.”

“మూడువేల కిలోమీటర్ల పైమాటండీ. అయిదు గంటలు పడుతుంది.”

“టిక్కెట్టు అబద్ధమాడుద్దా? పందెం. ఓడినోడు గుడ్లు వదులుకోవాలి.”

కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక నడుస్తుందని నాకు తెలుసు. చెప్పలేదు.

అంత కొద్ది ప్రయాణానికి తిండి దేనికని బావగారు తన పులిహోర పొట్లం పక్క సీటావిడకి ఇచ్చేశారు. ఆవిడది మామిడికుదురు, కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. రెండు గంటలు గడిచాక ఆయన కిటికీలోంచి చూశారు.

“ఇంకా సముద్రమే కనపడతందేంటమ్మా?”

“ఆయ్, ఇంకా సగం కూడా రాలేదండి. మీ పులిహోర మాత్రం బాగుందండి.”

నేను నా పొట్లం విప్పి, మెల్లగా తిన్నాను.

దిగగానే బావగారు ఫోను నా ముఖానికి ఆనించినంత పని చేశారు. పన్నెండున్నర. నా చేతిగడియారం మూడు చూపిస్తోంది. దాన్ని నేను మార్చలేదు. పద్మ ఇల్లు చేరేదాకా వాదించుకున్నాం. డబ్బాను ఫ్రిజ్‌లో పెడుతూ పద్మే తీర్పు చెప్పింది.

“నాన్నా, నీ లెక్కా కరక్టే, మావయ్య లెక్కా కరక్టే. రేపు తెల్లారాక ఎవరు ముందు లేస్తే గుడ్లు వాళ్ళవి.”

గురువారం నా గడియారంలో ఆరు కాగానే లేచాను. బయట చీకటిగానే ఉంది. అయినా మా ఊళ్ళో తెల్లారింది కదా అని మూత తీశాను. రెండు రాత్రులు పులుసులో ఊరిన గుడ్లు, ఆ రుచి గురించి ఎక్కువ రాయను.

అక్కడి అయిదున్నరకి బావగారు హుషారుగా వచ్చారు. డబ్బా చూశారు, నన్ను చూశారు. అక్కయ్యకి ఫోను కలిపి స్పీకరు పెట్టారు.

“చూడవే, మీ తమ్ముడు తెల్లారకుండానే గుడ్లు మింగేశాడు.”

“తెల్లారకపోవడమేంటండీ, ఎనిమిదైంది,” అంది అక్కయ్య. “ఇంతసేపు పడుకుంటే మీకోసం ఎవరు దాస్తారు?”