నాలుగో నెల సంగతి నాకు ముందే తెలుసు

ఎనిమిదేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. పనిలో ఉన్నా, పూజలో ఉన్నా అది దిగదు. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెప్పడం తేలిక. అక్కనై ఉండి నా తమ్ముణ్ణి మోసం చేశాను. దేవుడి పేరు పెట్టి చేశాను.

మాది కిడ్నీ జబ్బుల ఉద్దానంలో ఒక ఊరు. నేను బడికెళ్ళలేదు. నాన్నే కొబ్బరితోటలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు, దణ్ణం పెట్టడమూ నేర్పాడు. ఆయన కిడ్నీలు పాడై చనిపోయాక తమ్ముడు గుడికి వెళ్ళడం మానేశాడు. నా దిగులు అది. వాడి దిగులు వేరు. ముప్పై నిండకుండానే నుదురు నడినెత్తి దాకా పాకింది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో తోటివాళ్ళు "మావా, టోపీ తియ్యకు, కళ్ళు సెదిరిపోతన్నాయి" అనేవారు. రెండు సంబంధాలు తల చూసే వెనక్కిపోయాయి.

చివరికి విశాఖ వెళ్ళి, వెనకవైపు వెంట్రుకలు తీయించి ముందు నాటించుకున్నాడు. తోడు నేనే వెళ్ళాను. వాడికి కట్టు కడుతుంటే డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పింది: నాటినవి నెల తిరిగేసరికి చాలావరకు రాలిపోతాయి, కంగారుపడకండి, కుదుళ్ళు లోపలే ఉంటాయి, నాలుగో నెలకి మొలకలొస్తాయి, నిండుగా కనబడాలంటే ఏడాది ఆగాలి. వాడికీ ముందే చెప్పారట. రాబోయే జుట్టు గురించి తప్ప ఇంకేదీ వాడి చెవికెక్కలేదు.

ఆవిడ అన్నట్టే నాలుగో వారంలో దిండు నిండా రాలాయి. వాడు అద్దం పట్టుకుని వంటింట్లోకొచ్చాడు.

"ఏటప్పా ఇది, సూడు. డాక్టరమ్మ నన్ను నిలువునా ముంచేసింది. రేపే ఎల్లి అడిగేత్తాను."

"ఎల్లకు. ఆవిడ సేతిలో ఏటుంది? వెంకన్నకి మొక్కుకో."

"ఏటి మొక్కాల? ఎంటికలా? ఉంటే కదా ఇవ్వడానికి."

"వెటకారం ఆపు. ఏడు శనివారాలు గుడికి నడిసెల్లు. నాలుగో నెలకి మొలకలు రాకపోతే అప్పుడు నన్నడుగు."

"నాలుగో నెలని నీకెలా తెలుసు?"

"నా మనసు సెప్తంది."

ఆ ఒక్క మాటే నా తప్పు. ఎంత ధీమాగా అన్నానో. అబద్ధంతో తెచ్చిన భక్తి భక్తేనా? అప్పుడా ప్రశ్న రాలేదు. వచ్చినా, తమ్ముడు మళ్ళీ చేతులు జోడిస్తాడన్న ఆశతో దాన్ని నేనే నెట్టేసి ఉంటాను.

వాడు నడిచాడు. నాలుగో నెలలో మొలకలొచ్చాయి. ఏడాదికి దువ్వెన దిగబడేంత జుట్టు. నా కాళ్ళకి దణ్ణం పెట్టి ఏడ్చాడు. పెళ్ళయింది, మా పక్కింట్లోనే కాపురం. ఇప్పటికీ శనివారం తప్పడు. కనబడినవాళ్ళందరికీ చెబుతాడు, డాక్టరమ్మ చేసింది రాలిపోయింది, వెంకన్న ఇచ్చింది నిలిచింది అని. రోజంతా వంగి ఒక్కో వెంట్రుకా నాటిన మనిషి ఆవిడ. ఆవిడ మంచిపేరు నేను మా ఊరంతటా పాడుచేయించాను.

అయినా ఊరుకునేదాన్నే. కానీ ఈ వేసవిలో వాడి పాదాలు ఉబ్బాయి. ఉద్దానంలో పాదాలుబ్బితే ముందుగా ఏది అనుమానించాలో ఎవరూ చెప్పక్కర్లేదు. రక్తపరీక్షకి వెళ్ళరా అన్నాను. వాడు నవ్వాడు. "ఎంటికలు మొలిపించినోడు కిడ్నీలు సూసుకోడా, అప్పా?"

ఆ మాట నేను నేర్పిందే కదా. ఇంక దాచలేకపోయాను. వాడి ఇంటి అరుగు మీద కూర్చుని, విశాఖలో విన్నది విన్నట్టు మొత్తం చెప్పేశాను. దేవుడు లేడని చెప్పలేదు, ఉన్నాడు. కానీ ఆ నాలుగో నెల లెక్క ఆయన చెప్పింది కాదు, డాక్టరమ్మ చెప్పింది అన్నాను.

వాడు లేచి నిలబడ్డాడు. "అయితే ఇన్నాళ్ళూ నేను దణ్ణం పెట్టింది ఎవరికి?" అని లోపలికెళ్ళిపోయాడు.

ఇది జరిగి మూడు రోజులు. పరీక్షకి వెళ్తాననలేదు, వెళ్ళననీ అనలేదు. నాతో మాట్లాడటం లేదు. వాడు నన్ను మన్నించకపోవచ్చు, దేవుడి సంగతీ నేను చెప్పలేను. కానీ ఈ ఉదయం దీపం పెట్టి, నిజం చెప్పే నోరిచ్చినందుకు దణ్ణం పెట్టుకున్నాను. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను.