రుద్దకముందే అరిగిన సబ్బు

ఒక పెద్ద కంపెనీ చరిత్రను అరగంటలో కడిగేసిన మనిషిని ఎప్పుడైనా చూశారా? ఇదిగో, నేనే. నీళ్లు కూడా వాడలేదు.

అప్పట్లో నేనొక సబ్బుల కంపెనీకి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల సేల్స్ ఆఫీసర్ని. ఏరియా మేనేజర్ కుర్చీ నాకు జానెడు దూరంలో ఉంది. కంపెనీ స్వర్ణోత్సవానికి ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాలు తీసుకుని, దుకాణదారులందర్నీ పిలిచి, మన చరిత్రను ప్రదర్శనగా పెట్టు, కుర్చీ సంగతి తర్వాత చూద్దాం అన్నారు పైవాళ్లు.

కర్మన్‌ఘాట్‌లో కిరాణా కొట్టు యాదగిరన్నకి ఒక అలవాటు. మా సబ్బు కొత్త ప్యాకింగ్‌లో వచ్చినప్పుడల్లా మొదటిది దేవుడి పటం ముందు పెట్టి, తర్వాత అమ్మకుండా రేకు డబ్బాలో దాచేవాడు. వెళ్లి అడిగాను.

"పైలంగ తీస్కపో సార్. మా నాయిన కాలం నుంచి దాచినయి. మల్ల తెచ్చియ్యాలె."

"నీ పేరు కూడా రాయిస్తానన్నా."

రాయించాను. దాంతో ఆగితే బాగుండేది. సబ్బుల్ని ఏడాది వారీగా పేర్చి, ఒక్కోదాని కింద రేపర్ మీది బరువును కూడా పెద్దక్షరాల్లో రాయించాను. పైన బ్యానర్: 'ఎదుగుతున్న మన ప్రయాణం'.

తెర తీశారు. ఎడమ చివర ఇటుకంత సబ్బు. కుడి చివర చాక్లెట్ అంత. మధ్యలో చక్కటి మెట్లు, అన్నీ దిగడానికే.

వెనక వరసలోంచి ఎవరో, "గిదేందే యాదగిరన్నా, ఎవలు రుద్దకముందే గింత అరిగింది?" అన్నారు.

హాలంతా నవ్వు నురగలెత్తింది. జోనల్ మేనేజర్ ఒక్కడే పొడిగా ఉన్నాడు. నా చెవి దగ్గరకొచ్చి, "ఈ బరువులు రాయించిందెవరయ్యా?" అన్నాడు.

'నేను' అంటే రెండక్షరాలతో పోయేది. నా నోట్లోంచి నాలుగు జారాయి. "యాదగిరి" అన్నాను.

మర్నాటి నుంచి ఆ కొట్టుకి మా సరుకు ఆగిపోయింది. ఆపమన్న కాగితం మీద సంతకం నాదే. రేకు డబ్బా ఆఫీసులోనే మాయమైంది. కుర్చీ మాత్రం భద్రంగా నా కిందికి చేరింది.

రిటైరయ్యాక, మొన్న ధైర్యం చేసి ఆ కొట్టుకెళ్లాను. "ఒక సబ్బు ఇయ్యన్నా."

యాదగిరన్న వేరే కంపెనీ సబ్బు తీసి తక్కెడలో పెట్టాడు. ముల్లు ఆగేదాకా ఆగాడు.

"చూస్కో సార్. నీకైతే తూచే ఇస్త."

అందుకని ఆ సబ్బు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో దేన్నీ ఏడాది వారీగా పేర్చను. ఇంట్లో గోడ మీది నా ఫొటోలు కూడా కలగాపులగం చేసి తగిలించాను. వరసలో పెడితే, ఏ ఏడు ఎంత చిన్నవాణ్ణయ్యానో వచ్చినవాళ్లకి తెలిసిపోదూ.