తలకు పెట్టిన నూనె

కొబ్బరినూనె వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మదనపల్లెలో మాది బట్టల అంగడి. పిల్లల సెలవుల్లో అద్దె వ్యాను మాట్లాడుకుని అత్తగారితో సహా అందరం బయల్దేరేవాళ్లం. ఊళ్లు చూడటానికని పేరే గానీ, దారి పొడుగునా చుట్టాల ఇళ్లలో తినడమే సరిపోయేది. తొంభైల చివర్లో ఒకసారి మాత్రం నా కూతురు పట్టుబట్టింది. బెంగళూరులో సైన్సు మ్యూజియం చూడాలంది. అక్కడొక పెద్ద లోహపు గోళం ఉంటుందట, బల్లెక్కి దాని మీద చెయ్యి పెడితే స్థిర విద్యుత్తుకు తలమీది వెంట్రుకలన్నీ లేచి నిలబడతాయట. క్లాసులో టీచరు చెప్పింది.

"నూనె తలయితే లేయదంటమ్మా" అని నాచేత మాట కూడా తీసుకుంది. బయల్దేరే రోజు నేనే సీకాయతో రుద్ది తలకు పోసి, ఆరబెట్టి, వదులుగా జడ వేశాను.

పుంగనూరులో మా ఆడబిడ్డ ఇంట్లో భోంచేసి, ఆమె కొడుకులిద్దర్నీ ఎక్కించుకుని, ఆ రాత్రికి కుప్పంలో మా అత్తగారి చెల్లెలి ఇంట్లో దిగాం. పొద్దున్నే నేను వంటింట్లో దారికి పులిహోర పొట్లాలు కడుతున్నాను. ఆ కాసేపట్లోనే అత్తగారు మనవరాలిని ముందు కూర్చోబెట్టుకుని, గిన్నెడు నూనె మాడుకు అంటి, బిగించి రెండు జడలు వేసి, కనకాంబరాలు కూడా పెట్టేశారు. పిల్ల కళ్లనిండా నీళ్లు. చెంపల మీదికి నూనె కారుతోంది.

"వద్దని చెప్పినాను కదత్తా!"

"నూనె లేని తలతో ఆడపిల్ల ఊరు దాటి పోతాదా? సూసినోళ్లు ఏమనుకుంటారు? ఈళ్లింట్లో నూనెకు గతిలేదనుకోరా?"

నేను మా ఆయన వైపు చూశాను. "పోనీలే, దానికేముండాదిప్పుడు" అని ఆయన వ్యాను వైపు నడిచాడు. నేను పులిహోర పొట్లాలు సంచిలో కుక్కుకుని వెళ్లి వ్యానెక్కాను.

మ్యూజియంలో ముందు ఆడబిడ్డ కొడుకులు బల్లెక్కారు. మగపిల్లల తలల్లో పొద్దున ఎవరూ నూనె పొయ్యలేదు కదా! వాళ్ల జుట్టు నిక్కబొడుచుకుంటే హాలంతా చప్పట్లు. తర్వాత నా కూతురు ఎక్కింది. గోళం మీద చెయ్యి పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడింది. జడలు కదల్లేదు. గోళం దగ్గరుండే ఆయన నవ్వి, నూనె తల లేవదని కన్నడంలో చెప్పి దిగిపొమ్మన్నాడు.

"ఇంకోసారి వస్తాం లే తల్లీ" అన్నాడు మా ఆయన. మా ఇంట్లో ఆడవాళ్లకు చెప్పే ఆ ఇంకోసారి ఎప్పుడొస్తుందో నాకు బాగా తెలుసు.

"ఇంకోసారి లేదు. ఈపొద్దే" అన్నాను. బిడ్డను కొళాయి దగ్గరికి లాక్కుపోయి, పూలు తీసి పారేసి, రిబ్బన్లు విప్పి, సంచిలో ఉన్న ఒంటిసబ్బుతో తల రుద్దాను. జిడ్డు పోయేదాకా రుద్దుతూనే ఉన్నాను. అత్తగారు వెనకే వచ్చారు.

"బిడ్డను తల ఇరబోసి నలుగుర్లో తిప్పుతావా? ఇంట్లో ఎవురన్నా సచ్చిపోయినారా?"

"ఎవురూ సావలేదు. పక్కకు జరుగత్తా, ఎండ పడనీ."

ఆ గోళం ఆఖరి ప్రదర్శన దాకా మెట్ల మీద ఎండలో కూర్చుని ఆ జుట్టు ఆరబెట్టాను. డ్రైవరు హారన్ కొట్టాడు. మా ఆయన వచ్చి పళ్లు కొరికాడు. నేను లేవలేదు.

సాయంత్రం బిడ్డ మళ్లీ బల్లెక్కింది. జుట్టంతా లేవలేదు. నుదుటి మీదివి, చెవుల పక్కవి మాత్రం సన్నగా లేచి గాల్లో ఊగాయి.

"అమ్మా, లేసిందా? నాకు కనపడల్యా!"

"లేసింది!" అని హాలంతా వినపడేలా అరిచాను.

"అవ్వా, నువ్వు సూస్తివా?"

"యాడ సూసేది? కండ్లు మూసుకోనుండాను" అన్నారు అత్తగారు.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. మూసుకున్న ఆ కళ్ల మీద నా కోపం ఇంకా పోలేదు.