సూది మానేశానని చెప్పిన నోటితోనే

నన్ను ఇంకా ప్రాణాలతో ఉంచిన దేవునికే మహిమ, సహోదరులారా, సహోదరీలారా! ఈ నడుముకు బెల్టు లేకపోతే నేను నిలబడలేను, అందుకే పాస్టరుగారి అనుమతితో కుర్చీలో కూర్చునే చెబుతున్నాను. ఏడు నెలల కిందట ఇక్కడే ఒక సాక్ష్యం చెప్పాను. ఈ రోజు దాన్ని వెనక్కి తీసుకోవడానికి వచ్చాను.

మామిడి సీజనులో షెడ్డు దగ్గర బంగినపల్లి కాయల ట్రే ఎత్తబోతే నా మణికట్టు విరిగిన సంగతి మీకు తెలుసు. ఎముకలు గుల్లబారాయని విజయవాడ డాక్టరుగారు ఆరు నెలలకోసారి వేసే సూది రాశారు, "ఒక్కటి కూడా దాటెయ్యకూడదమ్మా, మధ్యలో ఆపితే వచ్చిన బలం కూడా పోతుంది" అని మరీ మరీ చెప్పారు. ఆ రోజుల్లో ఎంత ఏడ్చానో! బాత్రూముకు వెళ్ళాలంటే భయం, మనవరాలిని ఎత్తుకోవాలంటే భయం, ఆఖరికి గట్టిగా దగ్గాలన్నా భయం. "ప్రభువా, ఈ ఎముకలు నీవు కట్టినవే గదా, నీవే నిలబెట్టు తండ్రీ" అని రోజూ మొరపెట్టాను. నాలుగు సూదులయ్యాక స్కాను తీసి బలం పెరిగిందన్నారు. దేవుడు నా మొర విన్నాడు, ఆ సూదితోనే నిలబెట్టాడు! ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నామోషీ అయింది.

సూది వల్ల తగ్గిందంటే చప్పట్లు ఎవరు కొడతారు? అందుకే ఉపవాస ప్రార్థన రోజున ఇదే మైకు పట్టుకుని, ప్రభువు నన్ను ముట్టాడు, ఇక నాకు సూది అక్కర్లేదు, అయిదోది మానేస్తున్నాను అని చెప్పేశాను. మానెయ్యమని దేవుడు చెప్పలేదు, పాస్టరుగారూ చెప్పలేదు, ఆ నిమిషంలో నా నోటికి వచ్చింది, అంతే. మీరంతా హల్లెలూయా అన్నారు. డాక్టరును అడిగావా అని ఒక్కరంటే ఒక్కరు అనలేదు! మీ మీద కోపం లేదంటే అది ఇంకో అబద్ధం అవుతుంది. కోపం ఉంది, అంతకు పదింతలు నా మీద ఉంది. ఇరవై ఏళ్ళు సండే స్కూలు పిల్లల చేత పది ఆజ్ఞలు అప్పజెప్పించినదాన్ని నేను!

సూది తారీఖు దాటింది, ఏమీ కాలేదు, చూశారా అని మా ఆయన దగ్గర గొప్పలు కూడా పోయాను. ఆ తారీఖు దాటిన నాలుగో నెలలో ఒక పొద్దున సగం బకెట్టు నీళ్ళు ఎత్తాను, వెన్నులో కటుక్కుమంది, అక్కడే కూలబడ్డాను. మూడు పూసలు నలిగిపోయాయి. డాక్టరుగారు తిట్టలేదు, "ఎందుకు మానేశారమ్మా?" అని మాత్రం అడిగారు. సూది మళ్ళీ మొదలుపెట్టారు. మంచం మీద పడుకుని, "తండ్రీ, నీవు పంపిన మందును తోసేసి నీ పేరుతో నా గొప్ప చెప్పుకున్నాను, క్షమించు" అని ఏడ్చాను. ఆయన క్షమించాడు, స్తోత్రం! ఆ గొప్పల నుంచి నాకు విడుదల ఇచ్చాడు. నొప్పి మాత్రం అలాగే ఉంది, వంగిన వెన్ను ఇక నిటారు కాదట.

ఇది నా ఒక్కదానితో పోతే ఇంట్లోనే ఏడ్చుకునేదాన్ని. మా వీధి రాహేలమ్మక్కకు కూడా అదే సూది. నా సాక్ష్యం విని ఆవిడా మానేసింది, తారీఖు దాటి మూడు నెలలైంది. నా నడుము విరిగాక వెళ్ళి బతిమాలాను. "మళ్ళీ సూదికెళితే దేవుణ్ణి నమ్మనట్టే గదే సుగుణా, నలుగురిలో ఏం మొహం పెట్టుకోనూ?" అంది. అది నేను నేర్పిన మాటే!

సహోదరులారా, దేవుణ్ణి నమ్మండి, నిండు మనసుతో నమ్మండి, డాక్టరు చేతిలో కూడా ఆయన ఉన్నాడని నమ్మండి, నాలాగా చప్పట్ల కోసం మాట్లాడే నోటిని మాత్రం నమ్మకండి. రాహేలమ్మక్కా, కిటికీ పక్కన మీరు నాకు కనబడుతున్నారు, తల దించుకోకండి. మంగళవారం పొద్దున నేను విజయవాడ బస్సెక్కుతున్నాను, మీరూ రండి. నలుగురిలో ఏం మొహం పెట్టుకోవాలని అడిగారుగా, ఆ మొహమేదో నేను పెట్టుకుని ఇక్కడ కూర్చున్నాను. మీరు వచ్చి సూది వేయించుకోండి అక్కా, చాలు.