చిన్నమ్మ ఎడమ కన్ను

నిన్న పొద్దున చాయ్ పెడుతుంటే ఫోన్. "చిన్నమ్మ పోయింది."

స్టవ్ ఆపడం కూడా మర్చిపోయాను. మొన్న సాయంత్రమే వీడియో కాల్‌లో నా కొత్త చీర చూసి "గిదేం రంగే?" అని వెక్కిరించిన మనిషి. నిద్రలోనే గుండె ఆగిందట.

ఏడుస్తూ బోయిగూడ వెళ్లాను. గల్లీ మొదట్లోనే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. పాత ఫొటో. ఎడమ కంట్లో ఉండే తెల్లపొర మాత్రం మాయం.

పెద్దమామను అడిగాను. చిన్నమ్మకు తోడబుట్టిన అన్న.

"గా తెల్లకన్ను బాగ కనవడదని డిజైనర్‌తోని సాఫ్ చేపిచ్చిన బిడ్డా."

నేను మెచ్చుకోవాలట!

ఒళ్లు మండిపోయింది. ఇంకా మండుతోంది. ఫ్యామిలీ గ్రూప్‌లో "దేవత లాంటి మనిషి" అని దండం ఎమోజీలు పెడుతున్న వాళ్లందరూ ఇది చదవండి.

ఎప్పుడో కంటికి వాపొచ్చి, మెల్లగా ఆ పొర కట్టింది. అంతే. దానికే, ఎవరైనా మంచి పనికి బయల్దేరితే ఆమెను ఎదురు రానిచ్చేవాళ్లు కాదు.

మా అక్క పెళ్లిలో ఎదుర్కోళ్ల టైమ్‌కి ఇదే మామ, "నువ్వు జెర లోపల ఉండు" అన్నాడు. అక్కను ఎత్తుకుని పెంచిన మనిషి వంటల దగ్గర స్వీట్ బాక్సులకు కాపలా కూర్చుంది.

పోయిన ఏడాది నేనే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. నల్లగుడ్డు మీద కాల్షియం పేరుకుందట. కన్ను మొద్దుబారే చుక్కలు వేసి, ఏదో మందుతో కరిగించి, మెల్లగా గీకి తీసేశారు. సాయంత్రానికి ఇంట్లో ఉన్నాం.

"గింతేనా?" అంది చిన్నమ్మ. "గింత దానికి ఇన్నేండ్లు నన్ను పక్కకు పెట్టిన్రా?"

కొన్నాళ్లు మంట, నీళ్లు. తగ్గాక మెట్టుగూడ బస్టాప్‌లో నిలబడి, కుడి కన్ను చేత్తో మూసుకుని, వచ్చిన ప్రతి బస్సు నంబరూ గట్టిగా చదివింది. నేను సిగ్గుతో చచ్చాను. అక్కడే ఫొటో తీశాను. ఆమె సూటిగా కెమెరాలోకి చూసిన ఫొటో నాకు తెలిసి అదొక్కటే.

మామా, నువ్వు డబ్బులిచ్చి సాఫ్ చేయించిన కన్ను ఏడాది కిందే సాఫ్ అయింది.

ఆ తర్వాత మీ అందరి ఇళ్లకూ వచ్చింది. మీ ఎదురుగా కూర్చుని చాయ్ తాగింది. "నువ్వు చెప్పకు. ముందుగాల ఎవరు చూస్తరో చూద్దాం" అంది నాతో, చిన్నపిల్లలా.

ఏడాదంతా చూసింది. ఒక్కరంటే ఒక్కరు ఆమె మొహంలోకి చూడలేదు.

ఆ ఫొటో కింద పెడుతున్నా. ఇప్పుడైనా చూడండి. ఆ ఫ్లెక్సీ సాయంత్రంలోగా దించండి, లేకపోతే నేనే వచ్చి చింపేస్తా.

చిన్నమ్మా, ఇక ఎవరికోసమూ నువ్వు లోపలికి పోనక్కర్లేదు.

నిమ్మళంగా ఉండు.