అల్ఫారెట్టాలో నా బీటిల్ క్రషర్లు

ఆ రోజుల్లో మనిషికంటే ముందు రెజ్యూమె వెళ్ళేది. నా విషయంలో ఆ రెండింటికంటే ముందు నా పాదాలు వెళ్ళేవి. పదమూడో నంబరు. అల్ఫారెట్టాలో నన్ను పెట్టుకున్న కన్సల్టింగ్ కంపెనీ మేనేజర్ లండన్ మనిషి. చాటుగా మేం దొర అనేవాళ్ళం. ఇంటర్వ్యూల కోసం కొన్న నా నల్లటి బరువైన బూట్లని చూసి ఆయన మొదటిరోజే "బీటిల్ క్రషర్స్!" అన్నాడు. పురుగుల్ని నలిపేవట. ఇంకోసారి "క్లాడ్‌హాపర్స్" అన్నాడు, దుక్కిలో మట్టిగడ్డలు తొక్కేవాడి జోళ్ళట. లండన్ వీధుల్లో పాదాలనే "ప్లేట్స్ ఆఫ్ మీట్" అంటారని, అంటే మాంసం పళ్ళాలని, తర్వాతెప్పుడో చెప్పాడు. (మా ఇంట్లో అందరం శాకాహారులం. ఆ సంగతి చెప్పి ప్రయోజనం లేదనిపించింది.)

అప్పటికి ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద చాలాకాలంగా కూర్చున్నాను. కొత్తగా కుదిరిన క్లయింట్ ఇంటర్వ్యూ కూడా పోతే వీసా సంగతి నేనే చూసుకోవాలని కంపెనీ మర్యాదగా తెలియజేసింది. ఇంటర్వ్యూ రోజు ఉదయం క్లయింట్ ఆఫీసుకి తనే తీసుకెళ్తానని, ముందు ఇంటికొచ్చి టీ తాగమని దొర పిలిచాడు. పరాయి ఇంటికి వెళ్ళినవాణ్ణి కదా, బూట్లు గుమ్మం బయటే విడిచి, అక్కడున్న పాతబట్టల సంచి పక్కన బుద్ధిగా సర్దిపెట్టి లోపలికి వెళ్ళాను. ఆ సంచి విరాళాలు తీసుకెళ్ళే ట్రక్కు కోసం పెట్టిందని నాకెవరు చెబుతారు? టీ తాగి బయటికొచ్చేసరికి సంచీ లేదు, బూట్లూ లేవు.

దొర ఖాళీ మెట్టుని చూసి, "బరువెక్కువై వెనక్కి తెస్తారేమో" అన్నాడు. ఆయనది తొమ్మిదో నంబరు. వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేట్‌కి ఫోన్ చేశాను.

"బూట్లు బయట ఇడిసినవా? గిది మీ కాకినాడ అనుకున్నవా?"

"అది తర్వాత రా బాబూ. నీ షూస్ పట్టుకొస్తావా?"

"తెస్త గానీ, నీ బొటనవేలికే సరిపోతయ్. మిగతా కాలు యాడ పెడ్తవ్‌రా?"

చివరికి దొర గరాజ్‌లో ఆయన మామగారు చేపలు పట్టేటప్పుడు వేసుకునే ఆకుపచ్చ రబ్బరు బూట్లు దొరికాయి. నా కాళ్ళు పట్టాయి గానీ మోకాళ్ళ దాకా ఉన్నాయి. పాంటు వాటిమీదికి లాక్కున్నాను. అడుగు వేస్తే కప్పని తొక్కినట్టు చప్పుడు. "నువ్వు నడవకు, మాట్లాడు చాలు" అన్నాడు దొర.

అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నాను. ఇంటర్వ్యూ మొదలైన కాసేపటికి క్లయింట్ మేనేజర్ మార్కర్ నాముందు పెట్టి, డిజైన్‌ని బోర్డు మీద గీసి చూపించమన్నాడు. బోర్డు గదికి ఆ చివర ఉంది. లేస్తే కప్ప. "మీరు గీయండి, నేను చెబుతాను" అన్నాను. ఆయన మార్కర్ తీసుకుని లేచాడు. నేను చెబుతూ పోయాను, ఆయన డబ్బాలూ బాణాలూ గీస్తూ పోయాడు. ఒకచోట నేను తప్పు చెబితే తనే సరిదిద్ది చాలా సంతోషించాడు. ఆఖరికి బోర్డంతా తన చేతిరాతే కావడంతో, ఆ జవాబు బాగాలేదనడానికి ఆయనకి మనసొప్పలేదు. అందరూ వెళ్ళేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు. తొందరపడే మనిషి కాదని దానికీ మంచి పేరే వచ్చింది. సాయంత్రానికి ప్రాజెక్టు కూడా వచ్చింది.

ఆ పేరు ఇన్నేళ్ళుగా నన్ను వదల్లేదు. "మీటింగ్‌లో అంత కూల్‌గా ఎలా కూర్చుంటారన్నా?" అని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతుంటారు. బల్లకింద కాళ్ళు ముడుచుకుని, ఎవరైనా లేచి రమ్మంటారేమోనని బిక్కుబిక్కుమంటూ కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడి పరువు నేను కాక ఎవరు కాపాడతారు?

"అలవాటైపోయింది తమ్ముడూ" అంటాను.