తాతయ్య కుర్చీ దిగిన రోజు

నా చిన్నప్పుడు మా తాతయ్యకు రెండు గొంతులుండేవి. ఇంట్లో ఒకటి, కమిటీలో ఒకటి. కాజీపేటలో రైలు పట్టాల అవతలున్న మా క్రైస్తవుల సమాధుల తోటకు ఆయనే కమిటీ ప్రెసిడెంటు. ఇంట్లో పప్పులో ఉప్పు తగ్గితే చాలు, అరుపు వీధి చివరిదాకా వినిపించేది. కమిటీలో మాత్రం అందరూ చెప్పేదాకా నోరు మూసుకుని, చేతులు లెక్కపెట్టి, ఎక్కువమంది దేనికి ఒప్పుకున్నారో అది చదివేవాడు. అంతకు మించి ఏమీ చేయలేని ప్రెసిడెంటు ఎందుకని నేను ఎగతాళి చేసేదాన్ని. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి కదా, రూలు రూలేనని నవ్వేవాడు.

ఆ తోటలో పలుకుబడి ఉన్నవాళ్లు పాత వరుసల్లో తమవాళ్ల పక్కనే చోటు పట్టుకునేవారు. లేనివాళ్లు మురికికాలువ గట్టుకు పోవాల్సిందే. పక్కింటి అక్క భర్త స్టేషన్లో కూలీగా చేసేవాడు, ఆయన పోతే అక్కడే పెట్టారు. ఆ తర్వాత అక్క పట్టుబట్టి కమిటీలో చేరింది. ఇకనుంచి ఎవరు పోయినా సరే, గట్టు మీద మొదలయ్యే కొత్త వరుసలో ఎవరి వంతుకు వచ్చిన చోటు వారిదని తీర్మానం పెట్టి నెగ్గింది. ఆ రోజు చేతులు లెక్కపెట్టింది తాతయ్యే.

ఆ తీర్మానం తర్వాత మొదట పోయింది మా అమ్మ.

నాకప్పుడు పదేళ్లు. అమ్మ చాలా రోజులు దవాఖానలో ఉండి, ఒక తెల్లవారుజామున కన్నుమూసింది. తాతయ్యకు ఒక్కతే కూతురు. తనను మా అమ్మమ్మ పక్కన పెట్టమని తాతయ్యను అడిగి మరీ పోయింది. అమ్మమ్మ పక్కన చోటు ఖాళీగానే ఉంది. నాకు ఏడుపు రాలేదు. ఎవరో ఇచ్చిన చాయ్ గ్లాసు పట్టుకుని, అది పూర్తిగా చల్లారేదాకా అట్లాగే కూర్చున్నాను.

గుంతలు తవ్వే మామ వచ్చి తాతయ్య ముందు నిలబడ్డాడు. "మీరు జర ఊఁ అంటే సాలు బాపూ, మీ ఇంటామె పక్కనే తవ్వుత" అన్నాడు. తాతయ్య ఊఁ అనలేదు. సభ చేసిన తీర్మానాన్ని సభే మార్చాలని, ఆ అధికారం తనకు లేదని చెప్పి, కమిటీని పిలిపించాడు.

చర్చి వరండాలో ఆరుగురు కూడారు. సొంత విషయం కాబట్టి తాతయ్య తన కుర్చీలో కూర్చోలేదు. ఉపాధ్యక్షుడైన సారును అందులో కూర్చోబెట్టి, తాను బెంచీ చివరికి వెళ్లాడు. కూతురికి పాత వరుసలో చోటు ఇవ్వమని అందరిలాగే లేచి అడిగాడు, మళ్లీ కూర్చున్నాడు. ఇవ్వాలని రెండు చేతులు లేచాయి. వద్దని రెండు లేచాయి. వద్దన్న వాటిలో ఒకటి పక్కింటి అక్కది. కుర్చీలో ఉన్నవాళ్లకు మా కమిటీలో ఓటు లేదు. సమానంగా వస్తే అడిగింది వీగిపోయినట్టే.

సారు తాతయ్య వైపు తిరిగాడు. "మీరు గూడ మెంబరే గద. చెయ్యి లేపుండ్రి" అన్నాడు.

తాతయ్య కుడిచెయ్యి మోకాలి మీద ఉంది. "బిడ్డ నాదే సారూ. గీ ఓటు నాది గాదు" అన్నాడు. పక్కన గూడ్సు బండి పోయేదాకా ఆగి, అడిగింది వీగిపోయిందని సారు చదివాడు.

అమ్మను గట్టు మీద, అక్క భర్త పక్కన పెట్టారు. కన్నకూతురి కోసం చెయ్యెత్తని మనిషితో నాకేం మాటలని నలభై రోజులు తాతయ్యతో మాట్లాడలేదు. ఆయన మాత్రం పూటపూటా నా కంచంలో అన్నం పెట్టి, నేను తినేదాకా ఎదురుగా కూర్చునేవాడు.

నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక అక్క నన్ను గట్టు మీదికి తీసుకుపోయింది. రెండు సమాధుల మధ్య తాను పెట్టిన బంతిమొక్కలకు నీళ్లు పోస్తూ, "మీ తాత చెయ్యి లేపితే ఎవలం ఏమనకపోదుము. లేపలే. ఇగ గీ గట్టుకు ఎవల్ని తెచ్చినా నెట్టేసినట్టు గాదు బిడ్డా" అంది. అప్పుడు ఏడ్చాను. ఇంటికి వచ్చి తాతయ్యను మంచినీళ్లు కావాలా అని అడిగాను.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. పోయిన నెల మా ఆయన పోయారు. నాన్నను పాత వరుసలో ఉన్న నానమ్మ పక్కనే పెట్టాలని నా కొడుకు పట్టుబట్టాడు, ప్రెసిడెంటువి నువ్వే కదమ్మా అన్నాడు. వాణ్ణి సభలో అడగమని చెప్పి, నేను కుర్చీ దిగి బెంచీ చివర కూర్చున్నాను. చేతులు లెక్కపెట్టారు. ఒక్క ఓటు తగ్గి వాడు అడిగింది వీగిపోయింది. నా చెయ్యి మోకాలి మీదే ఉంది. అది అంత బరువుగా ఉంటుందని తాతయ్య నాకెప్పుడూ చెప్పలేదు.

నా కొడుకు ఇంకా నాతో మాట్లాడడం లేదు. నేను మాత్రం పూటపూటా వాడి కంచంలో అన్నం పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంటున్నాను.